చియాంగ్ మాయ్ వాళ్లు థాయ్‌లా, వేరేవాళ్లా? ఉత్తర థాయిలాండ్, లాన్నా చరిత్రపై చర్చ

కొండదారి
చియాంగ్ మాయ్ గురించి తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి. అక్కడి గుడుల గుమ్మాల మీద పేర్లు రెండు లిపుల్లో ఉన్నాయి. ఒకటి బ్యాంకాక్‌లో కనిపించే థాయ్ లిపి. రెండోది గుండ్రంగా, అక్షరం కింద ఇంకో అక్షరం ఒత్తులా వేలాడుతూ, దూరం నుంచి చూస్తే మన లిపేమో అనిపించేలా ఉంది. మమ్మల్ని తిప్పిన డ్రైవరు తాను ‘ఖోన్ మువాంగ్’, అంటే ఈ ఉత్తరాది ఊళ్ల మనిషి అని, బ్యాంకాక్ వాళ్లు ‘కింది థాయ్‌లు’ అని చెప్పాడు. బజారులో మాత్రం ఎటు చూసినా లాన్నాయే: లాన్నా మసాజు, లాన్నా విందు, లాన్నా కాఫీ. సూటిగా అడుగుతున్నాను. ఈ లాన్నా నిజంగా ఒక చరిత్రా, లేక పర్యాటకుల కోసం వేసిన ముస్తాబా? ఇంకో సందేహం, సుఖోథాయ్ కూడా ఉత్తరాన్నే ఉంది కదా, అది కూడా లాన్నాలోకే వస్తుందా?

శాసనప్రియుడు
రెండో ప్రశ్న తేలిక, దానితో మొదలుపెడతాను. ప్రభుత్వ లెక్కల్లో ఉత్తర ప్రాంతం అంటే 17 ప్రావిన్సులు. సుఖోథాయ్, ఫిట్సనులోక్, నఖోన్ సవాన్ కూడా అందులోనే ఉంటాయి. లాన్నా మాత్రం పైనున్న ఎనిమిదే: చియాంగ్ మాయ్, చియాంగ్ రాయ్, లాంపూన్, లాంపాంగ్, ఫాయావ్, ఫ్రే, నాన్, మే హోంగ్ సోన్. సుఖోథాయ్ పొరుగు రాజ్యం. మాట, తిండి, గుడి కట్టుబడి అన్నీ అక్కడ మారిపోతాయి.

ఇక అసలు కథ. 13వ శతాబ్దంలో మెకాంగ్ ఒడ్డు నుంచి మంగ్రాయ్ అనే తై రాజు (థాయ్, లావో, షాన్‌లందరినీ కలిపి తైలు అంటారు) దక్షిణానికి కదిలాడు. 1262లో చియాంగ్ రాయ్ కట్టాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు హరిపుంజయను, అంటే ఇప్పటి లాంపూన్‌ను, గెలిచాడు. అది అప్పటికే శతాబ్దాల వయసున్న మోన్ రాజ్యం. మోన్‌లంటే తైల కంటే ముందు నుంచీ ఇక్కడున్న వేరే జాతి. పాలి చదువులు, బౌద్ధ విహారాలు, రాత, ఇటుక కట్టడం అన్నీ ఉన్న చోటు. గెలిచిన మంగ్రాయ్ ఓడినవాళ్ల దగ్గర చదువుకున్నాడంటే తప్పు కాదు. మొదట పింగ్ నది పక్కన వియాంగ్ కుమ్ కామ్ అనే ఊరు కట్టాడు, అది వరదల్లో మునిగేది. చివరికి 1296లో దోయ్ సుథేప్ కొండ కింద చియాంగ్ మాయ్‌కి పునాది వేశాడు. ఈ రాజ్యమే లాన్నా. నగరం నడిబొడ్డున ముగ్గురు రాజుల విగ్రహం చూసే ఉంటారు: మంగ్రాయ్, ఫాయావ్ రాజు న్గామ్ మువాంగ్, సుఖోథాయ్ రాజు రామ్‌ఖమ్‌హేంగ్. పొరుగు రాజులిద్దరూ కొత్త నగరం కట్టేటప్పుడు సలహాకు వచ్చారని అక్కడి వృత్తాంతాలు చెబుతాయి.

మీరు చూసిన గుండ్రటి లిపి ఆ మోన్‌ల సొత్తే. మోన్ లిపి దక్షిణ భారతంలోని పల్లవ లిపి నుంచి వచ్చింది, దాని నుంచే లాన్నా ధర్మలిపి పుట్టింది. మన లిపీ దక్షిణ బ్రాహ్మీ సంతతే కాబట్టి పోలిక కనిపించడంలో వింత లేదు. అంతకు మించి చుట్టరికాలు కలపకండి. తాళపత్రాల మీద ధర్మగ్రంథాలతో పాటు వైద్యం, జ్యోతిషం, చట్టాలు కూడా ఈ లిపిలోనే రాసుకున్నారు.

రాజ్యం బాగా వెలిగింది తిలోకరాజ్ కాలంలో, 1441 నుంచి 1487 దాకా. దక్షిణాన ఉన్న సయాం (థాయిలాండ్ పాత పేరు) రాజ్యం అయుత్థయతో ఏళ్ల తరబడి యుద్ధాలు చేశాడు. 1477లో వాట్ చెట్ యోట్‌లో (వాట్ అంటే గుడి) పాలి త్రిపిటకాన్ని పరిష్కరించే సంగీతి, అంటే భిక్షువుల సభ, జరిపించాడు. ఆ గుడికి నమూనా బుద్ధగయ మహాబోధి ఆలయం. ఈ రోజు బ్యాంకాక్ రాజప్రాసాదంలో దేశమంతా మొక్కే పచ్చ బుద్ధుడు కూడా మొదట ఇక్కడివాడే. ఆ విగ్రహం 1434లో చియాంగ్ రాయ్‌లో బయటపడిందని వృత్తాంతాల మాట. 1468 నుంచి చియాంగ్ మాయ్ చేడీ లువాంగ్‌లో ఉంది. 16వ శతాబ్దం మధ్యలో ఇక్కడ కొన్నాళ్లు ఏలిన లావో రాజు సెట్ఠాథిరాత్ దాన్ని లావోస్‌కు తరలించాడు. అక్కడి నుంచి సయాం సైన్యం పట్టుకుపోయింది.

సందేహరావు
శాసనప్రియుడు గారూ, రాజుల కథ బాగుంది. కానీ 1558లో బర్మా రాజు బయిన్నౌంగ్ చియాంగ్ మాయ్‌ను పట్టుకున్నాడు కదా. అప్పటి నుంచి రెండు వందల ఏళ్లకు పైగా అది బర్మా చేతిలోనే ఉంది. ఆ తర్వాత యుద్ధాలతో ఊరే ఖాళీ అయింది. మంగ్రాయ్ వంశం పోయింది, నగరంలో జనమూ పోయారు. మరి 700 ఏళ్ల లాన్నా అని 1996లో అంత ఘనంగా ఉత్సవాలు ఎవరి పేరు మీద చేసుకున్నట్టు? మధ్యలో అంత పెద్ద గొయ్యి పెట్టుకుని రెండు ఒడ్లనూ తాడుతో కట్టేస్తే అది చరిత్ర అవుతుందా?

పింగ్‌ఒడ్డు
సందేహరావు గారు వేయాల్సిన చోటే వేలు వేశారు. నేను చియాంగ్ మాయ్‌లో చాలా ఏళ్లుగా పాఠాలు చెప్పుకుంటున్నాను, ఈ ప్రశ్న ఇక్కడి విద్యార్థులూ అడుగుతారు.

ఇప్పుడున్న ఉత్తరాదిని అర్థం చేసుకోవాలంటే మంగ్రాయ్‌ని కాసేపు పక్కన పెట్టి కావిలను చూడాలి. లాంపాంగ్ నాయకుడు కావిల 1774లో సయాం రాజు తాక్సిన్ పక్షం చేరి బర్మా సేనను చియాంగ్ మాయ్ నుంచి వెళ్లగొట్టాడు. అయితే ఊరు నిలబడలేదు. మనుషులు లేరు, తిండి లేదు, బర్మా దాడులు ఆగలేదు. దాదాపు ఇరవై ఏళ్లు ప్రాకారం లోపల చెట్లు మొలిచాయి. కావిల దక్షిణాన పా సాంగ్‌లో మకాం పెట్టి జనాన్ని పోగుచేశాడు. ఆ పోగుచేయడానికి ఇక్కడ ఒక నానుడి ఉంది: ‘కూరాకులు ఏరి బుట్టలో, మనుషుల్ని ఏరి ఊళ్లో’. వినడానికి ముద్దుగా ఉంటుంది కానీ సంగతి ముద్దుగా ఉండదు. సైన్యం వెళ్లి ఊళ్లకు ఊళ్లను కదిలించి తెచ్చి కొత్త భూముల్లో దించింది. ఇప్పటి బర్మాలోని మువాంగ్ యోంగ్ నుంచి తై యోంగ్‌లు, చియాంగ్ తుంగ్ నుంచి తై ఖూన్‌లు, ఇంకా ఉత్తరాన్నుంచి తై లూలు అలా వచ్చారు. లాంపూన్‌లో ఈనాటికీ యోంగ్ సంతతివాళ్లే ఎక్కువ. చియాంగ్ మాయ్ దక్షిణ ద్వారం దగ్గర వెండిపనికి పేరుపడ్డ వువా లాయ్ వీధివాళ్ల పూర్వీకులు సాల్వీన్ నది వైపు నుంచి తెచ్చినవాళ్లు. 1804లో బర్మా చేతిలో మిగిలిన చియాంగ్ సేన్ కూడా పడిపోయాక ఆ జనాన్ని గెలిచినవాళ్లు పంచుకున్నారు. కొందరిని చియాంగ్ మాయ్‌కి, కొందరిని లాంపాంగ్, నాన్‌లకు, ఇంకొందరిని ఎక్కడో దక్షిణాన సరబురి, రాట్‌బురిలకు పంపారు. రాట్‌బురి దగ్గర ఖూ బువాలో వాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఉత్తరాది నేతే నేస్తున్నారు.

1796లో కావిల చియాంగ్ మాయ్‌లోకి మళ్లీ అడుగుపెట్టిన తీరు వినండి. ఉత్తర ద్వారం నుంచి ఊరేగింపుగా వస్తూ ముందు ఒక లవా మనిషిని నడిపించాడు, భుజాన సామాను బుట్టతో, కుక్కను పట్టుకుని. లవాలంటే తైలు రాకముందు నుంచీ ఈ కొండల్లో ఉన్నవాళ్లు. ఈ నేల అసలు హక్కుదారులు ముందు నడవాలన్నది పాత ఆచారం. రాజు ఆ రాత్రి వాట్ చియాంగ్ మాన్ ముందు పడుకున్నాడు. అది మంగ్రాయ్ మొదట మకాం వేసిన చోటని చెబుతారు. అంటే ఆ గొయ్యి ఉందని కావిలకు మనకంటే బాగా తెలుసు. దాన్ని పూడ్చడానికే అంత తంతు. కాబట్టి ఇప్పటి ఖోన్ మువాంగ్ చాలామంది 1800 ప్రాంతంలో ఇష్టం లేకుండా తరలివచ్చినవాళ్ల పిల్లలు. ఆ ఉనికి అతుకుల బొంతే, నేనేమీ కాదనను. అయితే ఆ బొంతకు కూడా రెండు వందల ఏళ్ల వయసుంది.

నేతపని
బొంత మాట ఎత్తారు కాబట్టి బట్ట గురించి నేను చెబుతాను. పైన చెప్పిన వలసలన్నీ ఉత్తరాది ఆడవాళ్ల సిన్‌లో, అంటే గొట్టంలా కుట్టిన లుంగీ లాంటి కట్టులో, చదువుకోవచ్చు. నడుము పట్టీ, మధ్య భాగం, కింది అంచు, మూడూ విడిగా నేసి కుడతారు. చియాంగ్ మాయ్‌కి పడమటనున్న మే చేమ్‌లో కింది అంచును ‘టీన్ చోక్’ పద్ధతిలో నేస్తారు. నేసేటప్పుడు బట్ట తిరగేసి ఉంటుంది, నేతగత్తెకు కనిపించేది వెనక వైపు. ముళ్లపంది ముల్లుతో పడుగు పోగులు ఒక్కొక్కటే ఎత్తి, రంగు పేకను అక్కడికక్కడే చుట్టి వదిలేస్తుంది. మన ఉప్పాడ జాందానీలో బుటా వేసేటప్పుడు అదనపు పేకను బుటా మేరకే తిప్పి ఆపేస్తారు చూడండి, సూత్రం అదే. నాన్ వైపు తై లూ ఆడవాళ్ల పని వేరు. పేకలు ఒకదాన్నొకటి పట్టుకుంటూ మెట్లుమెట్లుగా దిగే ‘పారే నీరు’ నమూనా వాళ్లది. పాతకాలంలో సంతలో అంచు చూసి ఆ మనిషి ఏ లోయ నుంచి వచ్చిందో చెప్పేవారట. రాత్రి బజారులో అమ్మేది మాత్రం అచ్చు వేసిన గుడ్డ. అది చూసి లాన్నా అంతా ముస్తాబే అనుకోకండి.

తూర్పుగాలి
ఇదంతా చదువుతుంటే మన దగ్గరి సంగతులే గుర్తొస్తున్నాయి. రాజధానివాళ్లు మీది యాస, మాది భాష అనడం, ప్రాంతం పాఠ్యపుస్తకాల్లో లేకపోవడం...

నిర్వాహకులు
తూర్పుగాలి గారూ, ఆ చర్చకు ఈ వేదికలో నాలుగు దారాలున్నాయి, నాలుగూ మూసేయాల్సి వచ్చింది. ఇక్కడ థాయిలాండ్‌లోనే ఉందాం.

కొండదారి
సరే. కావిల సయాం పక్షం చేరాడన్నారు. మరి లాన్నా బ్యాంకాక్‌లో కలిసిపోయింది అప్పుడేనా?

శాసనప్రియుడు
కాదు. కావిల వారసులు సుమారు వందేళ్లు సామంతులుగానే ఉన్నారు. బ్యాంకాక్‌కు మూడేళ్లకొకసారి బంగారు, వెండి చెట్ల కప్పం పంపడం, యుద్ధమొస్తే సైన్యం ఇవ్వడం. మిగతా ఇంటి వ్యవహారం వాళ్లదే. నాన్, ఫ్రే, లాంపాంగ్, లాంపూన్‌లకూ ఎవరి ప్రభువు వాళ్లకుండేవాడు.

కలిపేసింది టేకు. బర్మా బ్రిటిష్ చేతిలోకి వెళ్లాక అక్కడి కలప వ్యాపారులు సాల్వీన్ దాటి ఉత్తరాది అడవుల్లోకి వచ్చారు. తర్వాత బాంబే బర్మా, బోర్నియో కంపెనీ లాంటి పెద్దవీ వచ్చాయి. అడవులు ప్రభువులవి. ఒకే అడవిని ఇద్దరికి కౌలుకిచ్చిన ప్రభువులు లేకపోలేదు. దావాలు పడ్డాయి, ప్రభువులు అప్పుల్లో కూరుకుపోయారు. దావా వేసేది బ్రిటిష్ ప్రజలు, కాబట్టి బ్రిటన్ నిలదీసేది బ్యాంకాక్‌ను. 1874లోనూ 1883లోనూ చియాంగ్ మాయ్ పేరు మీదే రెండు ఒప్పందాలు జరిగాయి. వాటి అమలు పేరుతో బ్యాంకాక్ అధికారి వచ్చి కూర్చున్నాడు. వెనకే కోర్టులు, పన్నులు. 1896లో అటవీ శాఖ పెట్టి, బర్మాలో పనిచేసిన హెర్బర్ట్ స్లేడ్ అనే ఆంగ్లేయుడికి అప్పగించారు. దాంతో ప్రభువుల ఖజానా ఊడిపోయింది. బ్రిటిష్ వాళ్ల నుంచి దేశాన్ని కాపాడుకున్నామని బ్యాంకాక్ పుస్తకాలు రాస్తాయి. అందులో నిజముంది. ఆ కాపాడుకోవడంలో ఉత్తరాదిని తానే మింగిందన్నదీ అంతే నిజం. ఈ రెండో సగాన్ని పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయని నా ఫిర్యాదు.

సందేహరావు
ఎవరూ ఎదురు తిరగలేదా?

శాసనప్రియుడు
తిరిగారు. 1889లో పన్ను గుత్తేదార్ల మీద చియాంగ్ మాయ్ చుట్టుపక్కల రైతులు ఫాయా ఫాప్ నాయకత్వంలో లేచారు, అణచివేశారు. 1902 జులైలో ఫ్రేలో బర్మా వైపు నుంచి వచ్చిన షాన్ కూలీలు, రత్నాల గనులవాళ్లు తిరగబడి ఊరిని పట్టుకుని సయాం అధికారులను వెతికి వెతికి చంపారు. స్థానికుల జోలికి పోలేదు. ఫ్రే ప్రభువు వెనకుండి నడిపించాడని అనుమానం. ఆయన లువాంగ్ ప్రబాంగ్‌కు వెళ్లిపోయి మళ్లీ తిరిగి రాలేదు. ఫ్రేకు ప్రభువు అన్నవాడు ఆయనతోనే ఆఖరు.

నేతపని
దారా రస్మిని వదిలేశారు! చియాంగ్ మాయ్ ప్రభువు ఇంతవిచయానోన్ కూతురు, 1873లో పుట్టింది. బ్రిటన్ రాణి విక్టోరియా ఆ పిల్లను పెంచుకుంటానందని ఒక వదంతి పాకింది. 1886లో ఆమెను బ్యాంకాక్ తీసుకెళ్లి సయాం రాజు చూలాలోంగ్‌కోర్న్‌కిచ్చారు. ఇది పెళ్లా, జామీనా అంటే రెండూనూ. అంతఃపురంలో ఆడవాళ్లందరిదీ కురచ జుట్టు, ధోవతి కట్టు. దారా రస్మి, ఆమె పరివారం మాత్రం పొడుగు జుట్టు ముడి వేసుకుని, ఉత్తరాది సిన్ కట్టుకుని, తమ మాటే మాట్లాడుకునేవారు. వాళ్లను అక్కడ ‘లావో’లని వెక్కిరించేవారు. బ్యాంకాక్ రికార్డుల్లోనే ఈ ప్రాంతానికి చాలాకాలం లావో పేరే ఉండేది. రాజు పోయాక 1914లో ఆమె చియాంగ్ మాయ్ తిరిగొచ్చి నేత, నాట్యం, సంగీతం నేర్పించింది. 1933లో పోయింది. ఇప్పుడు ‘సంప్రదాయ లాన్నా నృత్యం’ అని చూపించేవాటిలో ఆమె దిద్దినవి కొన్ని. వాటిలో బ్యాంకాక్ దర్బారు వాసన కూడా ఉంది. నాకది లోపంగా అనిపించదు.

పింగ్‌ఒడ్డు
ప్రభువుల సంగతి సరే, మామూలు జనం తలుచుకునేది ఇంకొకరిని. ఖ్రూబా శ్రీవిచాయ్, లాంపూన్ జిల్లా లీ దగ్గర 1878లో పుట్టిన పేద ఇంటి భిక్షువు. ఉత్తరాదిలో అంతకుముందు గురువు శిష్యుడికి దీక్ష ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయేది. 1902 సంఘ చట్టం ఆ అధికారాన్ని బ్యాంకాక్ నియమించిన ఉపాధ్యాయులకు పరిమితం చేసింది. ఈయన పట్టించుకోలేదు. నిర్బంధించారు, విచారణకు బ్యాంకాక్ పంపారు, విడిచిపెట్టారు, మళ్లీ పట్టుకున్నారు. ఎన్నిసార్లు పట్టుకుంటే అంత జనం వెంటబడ్డారు. పాడుబడ్డ విహారాలను ఊరూరా బాగుచేయించాడు.

1934 నవంబరులో దోయ్ సుథేప్ గుడికి రోడ్డు తలపెట్టాడు. ప్రభుత్వం డబ్బు లేదని చేతులెత్తేసిన పని. ఊళ్ల నుంచి జనం సొంత పారలు, సొంత బియ్యం తెచ్చుకుని వంతులవారీగా వచ్చారు. కొండల నుంచి కరెన్‌లు దిగి వచ్చారు. సుమారు 11 కిలోమీటర్ల కొండదారి ఆరు నెలల లోపే, 1935 ఏప్రిల్ చివరికి పూర్తయింది. కొండదారి గారూ, మీరు ఎక్కిన దారి అదే. మొదట్లో విగ్రహం దగ్గర డ్రైవరు హారన్ కొట్టో, చేతులు జోడించో ఉంటాడు, అది ఆయనకే. రోడ్డు అయిన ఏడాదే ఆయన్ని మళ్లీ బ్యాంకాక్ తీసుకెళ్లారు. 1939లో పోయాడు.

బడుల సంగతీ అప్పటిదే. 1921 నిర్బంధ విద్యా చట్టం తర్వాత పాఠాలన్నీ మధ్య థాయ్‌లోనే. క్రైస్తవ మిషనరీలు 1890ల్లో లాన్నా లిపికి అచ్చు తయారుచేసుకుని పుస్తకాలు వేశారు, అదీ ఆగింది. రెండు తరాల్లో లిపి గుడికి పరిమితమైంది. మాట పోలేదు. మా కళాశాలలో పిల్లలు తరగతిలో థాయ్, మెట్లు దిగగానే కమ్ మువాంగ్, అంటే మా ఉత్తరాది మాట.

అడవిబాట
ఇంతసేపు లోయల కథే నడిచింది. ఖోన్ మువాంగ్ అనుకునేవాళ్లు బ్యాంకాక్ తమను చిన్నచూపు చూసిందని బాధపడతారు, న్యాయమే. అదే ఖోన్ మువాంగ్ కొండల మీది కరెన్, హ్మోంగ్, లాహు, ఆఖా, లీసులను ఎలా చూస్తారో కూడా రాయండి. ‘కొండోళ్లు’ అని ఒక్క ముద్ర వేసి, అడవులు తగలబెట్టేది, నల్లమందు పండించేది వీళ్లేనని తేల్చేశారు. నల్లమందు అమ్మకం 1950ల చివరిదాకా దేశంలో చట్టబద్ధంగానే సాగిందన్నది ఎవరికీ గుర్తుండదు. దేశంలోకెల్లా ఎత్తైన దోయ్ ఇంతనోన్, 2565 మీటర్లు, దారా రస్మి తండ్రి పేరు మీదిది, శిఖరం మీద ఆయన అస్థికలున్నాయి. ఆ కొండను జాతీయ వనంగా ప్రకటించేనాటికే దాని వాలుల్లో కరెన్, హ్మోంగ్ ఊళ్లున్నాయి. తమ పొలంలో తామే ఆక్రమణదారులయ్యారు. పౌరసత్వ కాగితాలు లేనివాళ్లు ఈనాటికీ వేలల్లో ఉన్నారు. కావిల ముందు కుక్కను పట్టుకుని నడిచిన లవా సంగతి చదవడానికి బాగుంది. ఆయన మనవలు ఇప్పుడు ఊరేగింపులో ఎక్కడ నడుస్తున్నారు?

పింగ్‌ఒడ్డు
అడవిబాట గారి మాటకు నా దగ్గర జవాబు లేదు. లవాలు చాలామంది ఖోన్ మువాంగ్‌లో కలిసిపోయారు, కలవనివాళ్లు మే సరియాంగ్ వైపు కొండల్లో ఉన్నారు. లాంపూన్ రాణి చామదేవిని పెళ్లాడాలని లవా రాజు విలంగ్‌ఖ దోయ్ సుథేప్ మీది నుంచి ఈటె విసిరాడని, ఆమె తన లోవస్త్రంతో టోపీ కుట్టి పంపి అతని బలం పోగొట్టిందని కథ చెప్పి అందరూ నవ్వుకుంటారు. ఓడినవాడి మీద గెలిచినవాళ్లు చెప్పుకునే కథ అది.

సందేహరావు
మరి రాజకీయంగా? వేరు దేశం కావాలనే ఉద్యమం ఏదైనా ఉందా?

పింగ్‌ఒడ్డు
చెప్పుకోదగ్గది లేదు. కోపం ఓటులో కనిపిస్తుంది. మాజీ ప్రధాని తాక్సిన్ షినవత్ర (పైన చెప్పిన రాజు తాక్సిన్ వేరు) చియాంగ్ మాయ్ పక్కన సాన్ కంఫేంగ్‌వాడు. 2001 నుంచి ఆయన పార్టీలకే ఉత్తరాది పట్టం కట్టింది, బ్యాంకాక్‌లో సైన్యమో కోర్టులో వాటిని దించేస్తూ వచ్చాయి. 2023లో చియాంగ్ మాయ్ ఆ అలవాటూ మార్చుకుని ఎక్కువ స్థానాలు మూవ్ ఫార్వర్డ్ అనే వేరే పార్టీకిచ్చింది. ఇక్కడివాళ్లను అడిగితే తాము థాయ్‌లమూ, ఖోన్ మువాంగ్‌మూ అంటారు. వాళ్లకందులో ఇబ్బందేమీ లేదు. శుక్రవారం ఆఫీసులకు ఫ్రే నీలిచొక్కాలు వేసుకొస్తారు, జాతీయగీతానికి నిలబడతారు.

ముస్తాబు ప్రశ్నకు కూడా: బల్ల మీద చిన్న గిన్నెలతో తెచ్చే ఖాన్‌తోక్ విందు, నాట్యంతో కలిపి, 1950ల్లో క్రైశ్రీ నిమ్మాన్‌హేమిన్ అనే స్థానిక బ్యాంకరు, పండితుడు అతిథుల కోసం రూపుదిద్దినది. గిన్నెల్లో ఉన్న తిండి పాతదే. హాంగ్ లే కూర బర్మాది, ఖావ్ సోయ్ యున్నాన్ ముస్లిం వర్తకుల కంచర గాడిదల వెంట వచ్చింది, చేత్తో ముద్ద చేసుకునే బంక అన్నం ఈ లోయలది.

కొండదారి
అందరికీ ధన్యవాదాలు. మళ్లీ వెళ్లాలనుంది. ఆ లిపి నేర్చుకునే వీలుందా? పాత శాసనాలు ఎక్కడ చూడాలి?

శాసనప్రియుడు
లాంపూన్‌లో హరిపుంజయ మ్యూజియం, వాట్ ఫ్రా థాట్ హరిపుంజయకు ఎదురుగా. మోన్ శాసనాలూ, తర్వాతి తై శాసనాలూ పక్కపక్కనే ఉంటాయి. సెలవు రోజులు చూసుకుని వెళ్లండి.

పింగ్‌ఒడ్డు
చియాంగ్ మాయ్‌లో కొన్ని విహారాల్లో భిక్షువులు నేర్పుతారు, రుసుము ఉండదు. 2009లో యూనికోడ్‌లో చేరింది కాబట్టి కంప్యూటర్లోనూ రాసుకోవచ్చు. ఫాంటు మంచిది కాకపోతే ఒత్తులు చెల్లాచెదురవుతాయి. తెలుగు చదివేవాళ్లకు ఒత్తుల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. మిగతా విద్యార్థులు అక్కడే వారం రోజులు ఆగిపోతారు.